కషాయం తాగిన ఫ్రాన్స్

దేవానందం మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి: ఏ సంగతైనా సరే, ఓటింగుకు పెట్టందే ఆయనకు ముద్ద దిగదు. స్టాఫ్ రూములో ఫ్యాను వేయాలన్నా తీర్మానమే, కిటికీ మూయాలన్నా తీర్మానమే. ఓ ఆదివారం చర్చిలో, ప్రసంగం ఇంకా సాగాలా వద్దా అని చేతులెత్తమనబోతే భార్య దేవకృప చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టింది.

మెట్టుగూడ కాలేజీలో ఆయన చెప్పే పొలిటికల్ సైన్సుకి సరిగ్గా పదిహేనుమంది విద్యార్థులు. ఇంకేం! మొదటిరోజే క్లాసు కాస్తా భద్రతామండలి అయిపోయింది. దేశాలు పంచేముందు మాత్రం, ఫ్లాస్కులోంచి వేపాకు కషాయం తలా ఓ గ్లాసు పోసి ఇచ్చారు.

"తాగమ్మా, ఒంటికి మంచిది."

"వద్దు సార్" అన్నారు కొందరు. క్లాసు టాపర్ హదస్సా అయితే "చచ్చినా తాగను సార్" అనేసింది. ఐదుగురు మాత్రం నోరు మెదపకుండా మింగేశారు. అందులో కల్పలత ఒకతి. బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ పిల్ల ఎవరికీ వద్దని చెప్పి ఎరగదు.

తర్వాత దేశాలు. హదస్సాకి మాల్టా. కల్పలతకి ఫ్రాన్స్, వీటోతో సహా!

"నాకెందుకు సార్?"

"నువ్వొక్కదానివి కాదంటే మిగతా పద్నాలుగుమంది ఔనన్నా చెల్లదమ్మా."

"ఎప్పుడు కాదనాలి సార్?"

"అది ఫ్రాన్స్ ఇష్టం."

కల్పలతకి బుర్ర తిరిగిపోయింది. యుద్ధాలొచ్చాయి, శరణార్థులొచ్చారు, చమురొచ్చింది, వేడెక్కే భూమొచ్చింది. ప్రతిసారీ మాస్టారు "ఫ్రాన్స్ ఏమంటుంది?" అనడం, ఫ్రాన్స్ తల వంచుకుని "మీరెట్లంటే గట్లనే సార్" అనడం. పైగా బస్టాపులో కనబడితే "ఏం ఫ్రాన్స్, భోజనమైందా?" అని కేక! జనం ఆమెను ఎగాదిగా చూసేవారు.

ఒకరోజు బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల దుకాణం నడిపే ఆమె తండ్రి భద్రయ్య, నేరుగా క్లాసులోకే వచ్చేశాడు.

"సార్, బిడ్డ సదువు బంద్ చేపిస్తున్న. దుకాణంల మనిషి లేక మస్తు పరేషాన్ ఐతున్నది. టీసీ ఇయ్యుండ్రి. బిడ్డ సుత సరే అన్నది."

కల్పలత పుస్తకాలు సర్దుకోసాగింది. సరే అన్నమాట నిజమే మరి.

"అయితే ఓటింగుకు పెడదామండీ" అన్నారు మాస్టారు.

"గిదేందీ?" అన్నాడు భద్రయ్య.

"కల్పలత చదువు మానేయాలని తీర్మానం. అనుకూలమైనవాళ్ళు చేతులెత్తండి. ఊఁ, ఎత్తండి!"

మాస్టారు గుడ్లురిమేసరికి, ఏమీ అర్థంకాక పద్నాలుగు చేతులూ లేచాయి. హదస్సా చెయ్యి కూడా!

"ఫ్రాన్స్ ఏమంటుంది?"

కల్పలతకి ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. "వద్దు! నేను సదువుకుంట! వీటో!"

భద్రయ్య నోరు తెరిచాడు. "మరి ఇంట్ల సరే అంటివి గదనే?"

"నువ్వు అడిగినవా బాపూ? చెప్పినవ్ గంతే."

భద్రయ్య తల గోక్కున్నాడు. "వీటో అంటే ఏంది సార్?"

"ఈ పిల్ల వద్దంటే ఇక ఎవరేమన్నా చెల్లదండీ."

"అరే! గది మా ఇంటామెకు పెండ్లైనప్పటి సంది ఉన్నది. గిప్పుడు బిడ్డకు సుతనా!" అని పకపకా నవ్వేశాడు భద్రయ్య. "సదువుకో బిడ్డ. దుకాణంల ఇంకెవర్నన్న సూస్కుంట."

ఆయన వెళ్ళాక మాస్టారు ఫ్లాస్కు మూత తీశారు. "మన ఫ్రాన్స్ గెలిచింది. ఓ గ్లాసు కషాయం?"

ఆ గ్లాసు చూశాక గానీ కల్పలతకి వెలగలేదు. మొదటిరోజు దాన్ని మారుమాట లేకుండా మింగింది ఐదుగురు. వీటో దక్కిందీ సరిగ్గా ఆ ఐదుగురికే.

"వద్దు సార్" అంది కల్పలత, నవ్వుతూ.

"బతికించావు తల్లీ! ఈ చేదు నాకూ గొంతు దిగదు" అంటూ మాస్టారు కషాయాన్ని కిటికీలోంచి పారబోశారు, మొదటిసారి ఓటింగు లేకుండా.