కరెంటుకు ఇంగ్లీషు రాదు

తన పరువును తనే గీసుకుని, తనే ఇస్త్రీ చేసుకుని, సిటీ బస్సులో పంజాగుట్ట దాకా మోసుకెళ్లి, అక్కడ పదిమంది ముందు పోగొట్టుకున్న ఓ మహానుభావుడి కథ ఇది. ఆ మహానుభావుడు నేనే. నవ్వదలచుకున్నవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టండి, చివర్లో రద్దీగా ఉంటుంది.

అమీర్‌పేటలో గోడలు కనిపించని రోజులవి. ఎక్కడ చూసినా కోచింగ్ పోస్టర్లే, గోడ ఎక్కడో వాటి వెనకాల ఉండేది. ఎవరు ఏం చదివొచ్చినా అక్కడికొచ్చాక జావా నేర్చుకోవాల్సిందే. నేను భీమవరం నుంచి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చంకన పెట్టుకొచ్చి ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో దిగాను. బేగంపేటలో ఉద్యోగం చేసే మా మావయ్య మొదటిరోజే తీర్పు చెప్పేశాడు.

"ఒరే ప్రసాదూ! సోమవారం పదిన్నరకి కొత్త బ్యాచ్. జావా నేర్చుకుంటే బిర్యానీ, లేకపోతే జావే."

"నాకు సర్క్యూట్లంటే ఇష్టం మావయ్యా."

"ఇష్టాలు ఆదివారాలకి. బ్యాచ్ సోమవారం. మొదటిరోజు రానివాణ్ణి మళ్లీ చేర్చుకోరు, గుర్తుపెట్టుకో."

నేను పట్టుదల గల మనిషిని. పట్టు ఉందో లేదో గానీ దల మాత్రం గట్టిది. మర్నాడే పంజాగుట్టలో నీళ్ల ట్యాంకు అలారాలు తయారుచేసే మూర్తిగారి వర్క్‌షాపుకి వెళ్లి, ఉద్యోగం ఇమ్మన్నాను. ఆయన నా సర్టిఫికెట్‌ని చూడనైనా చూడలేదు.

"సోమవారం పదింటికి నీ చేత్తో తయారుచేసిన అలారం బోర్డు పట్టుకురా. ట్యాంకు నిండగానే కుయ్యిమనాలి. అది పనిచేస్తే నువ్వూ ఇక్కడ పనిచేస్తావు. లేదా ఇద్దరూ ఇంటికే."

బోర్డంటే రాగి రేకు అంటించిన అట్టలాంటి ముక్క. తీగలకు బదులు దానిమీద రాగి గీతలుంటాయి. ఆ గీతల్ని ముందు కంప్యూటర్లో గీయాలి, గీయడానికి సాఫ్ట్‌వేర్ కావాలి. చూశారా, సాఫ్ట్‌వేర్ నుంచి పారిపోతూ వెళ్లి సాఫ్ట్‌వేర్ ఒళ్లోనే పడ్డాను.

ఫుట్‌పాత్ మీద సీడీలమ్మే అన్న నన్ను చూడగానే పసిగట్టాడు. "సర్క్యూట్‌దా? ఫుల్ వెర్షన్ ఉంది అన్నా, తాళం పగలగొట్టిందే!"

"నాకు ఉచితం కావాలి గానీ దొంగది వద్దు," అన్నాను, ఎన్నికల్లో నిలబడ్డవాడిలా ఛాతీ విరిచి. అయినా నా పేరే ప్రసాద్. ప్రసాదం ఎక్కడైనా ఉచితమే కదా!

మా వీధి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని వేట మొదలుపెట్టాను. మొదటి సాఫ్ట్‌వేర్ ముప్ఫై రోజులు ఉచితమంది. తీరా తెరిస్తే "మీ ముప్ఫై రోజులూ అయిపోయాయి" అంది. ఆ కుర్చీలో నాకన్నా ముందు ఎవడో కూర్చుని నా నెలంతా తినేశాడు. రెండోది జీవితాంతం ఉచితం, కాకపోతే బోర్డు అగ్గిపెట్టెను మించకూడదట. నా సర్క్యూట్ అందులో అమీర్‌పేట షేర్ ఆటోలో ఆరో మనిషిలా సగం బయటికి వేలాడింది.

మూడోదుంది చూశారూ, అది దేవత! రోజుల లెక్క లేదు, కొలతల పట్టింపు లేదు. ఆడపెళ్లివారిలా అన్నిటికీ సరేనంది. మొదట్లో మాత్రం తాటిచెట్టంత పొడుగు నిబంధనలు చూపించి, కింద "అంగీకరిస్తున్నాను" అని ఓ బొత్తాం పెట్టింది. పెళ్లి మంత్రాలకు అర్థం అడిగి తాళి కట్టినవాడెవడు? నొక్కేశాను. దానమిచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెట్టకూడదంటారు. నేను లెక్కపెట్టలేదు. కాబట్టి ఎన్ని పళ్లతో కరిచిందో నాకు తెలీదు.

రెండు రోజులు గీసి, చెరిపి, మళ్లీ గీసి, ఆదివారం పొద్దున్నే ప్రింటు తీశాను. తెరమీద లేని వింత ఒకటి కాగితం మీద కనిపించింది. నా గీతల మీదుగా బూడిదరంగులో, మంచు వెనక మనిషిలా, కనీకనిపించకుండా ఇంగ్లీషు అక్షరాలు: "నాట్ ఫర్ ప్రొఫెషనల్ యూజ్." శుభలేఖ మీద శ్రీరస్తు లాంటిదేలే అనుకుని సరిపెట్టుకున్నాను.

ఇక దాన్ని నున్నటి కాగితం మీద జిరాక్స్ తీయించాలి. ఆ కాగితాన్ని రాగి మీద బోర్లా పెట్టి ఇస్త్రీ చేస్తే నలుపు రాగికి అంటుకుంటుంది. తర్వాత మందునీళ్లలో వేస్తే నలుపు కింది రాగి మిగిలి, తక్కినదంతా కరిగిపోతుంది. అమీర్‌పేటలో సగం మంది చదువు జిరాక్స్ ఖాజాభాయ్ చేతిమీదుగానే సాగేది. నా కాగితం చూసి ఆయన ముఖం చిట్లించాడు.

"జర లైట్ ఉంది భాయ్. డార్క్ కొట్టాల్నా?"

"కొట్టు భాయ్, మస్తు డార్క్!" ఆయన భాషలోనే చెప్పాను, పనికి మరింత నలుపు వస్తుందని.

వచ్చింది. కాటుక డబ్బాలో ముంచి తీసినట్టు వచ్చింది. గీతలతోపాటు శ్రీరస్తు కూడా నిగనిగలాడింది. గదికి తీసుకెళ్లగానే మా నల్గొండ రూమ్మేట్ యాదగిరి అడ్డం తగిలాడు. వాడు చదివేది జావాయే గానీ కళ్లు మాత్రం సొంతవే.

"ఏందిరా గిది? గీ అక్షరాలు సుత రాగే అయితయి గద?"

"అయితే ఏంటి?"

"గీతకు గీతకు నడుమ పడ్డయి. కరెంటు వాటి మీదికెళ్లి పోదా?"

"ఒరేయ్, కరెంటుకు ఇంగ్లీషు రాదు!"

"చదువుడు రాకుంటే పాయె. నడుచుడు అస్తది గదరా!"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నువ్వెళ్లి నీ జావ చూసుకో."

చెప్పొద్దూ, ఆ క్షణంలో నా మాటకు నేనే ముగ్ధుణ్ణయిపోయాను. ఆ మురిపెంలోనే ఇస్త్రీ చేశాను, కడిగాను, రంధ్రాలు వేశాను, సోల్డరింగ్ చేశాను. సోమవారం పొద్దున యాదగిరి మళ్లీ వచ్చాడు. "ఒక్కపారి బ్యాటరీ పెట్టి చూడరాదురా."

"ముహూర్తం పదింటికి. ముందే పెళ్లికూతురి తెర తీయకూడదు."

పదింటికి మూర్తిగారి వర్క్‌షాపులో తెర లేచింది. పనివాళ్లంతా చుట్టూ మూగారు. ట్యాంకు బదులు నీళ్ల మగ్గు తెప్పించారు. నేను బ్యాటరీ తగిలించానో లేదో, బోర్డు కుయ్యిమంది. ఇంకా తీగలు మగ్గులో వేయనేలేదు!

"పనిచేస్తోంది సార్!" అని అరిచాను ఆ కుయ్యిలోంచి.

"నీళ్లేవయ్యా?"

"నీళ్లు లేకుండానే పనిచేస్తోంది సార్!"

"నీళ్లు లేకుండా ట్యాంకు నిండిందనే అలారం మాకెందుకయ్యా? ఆపు, చెవులు పోతున్నాయ్."

మూర్తిగారు బోర్డు తిరగేశారు. కాగితం బోర్లా పడుకుని అంటుకుంది కదా, రాగి అక్షరాలు కూడా తిరగబడి ఉన్నాయి. ఆయన తిన్నగా వాష్‌బేసిన్ దగ్గరికెళ్లి, బోర్డును అద్దానికి చూపించి, పదం పదం పైకి చదివారు. "నాట్... ఫర్... ప్రొఫెషనల్... యూజ్."

వర్క్‌షాపంతా గొల్లుమంది.

"నీ సర్టిఫికెట్ సంగతేమో గానీ, నీ బోర్డు మాత్రం అబద్ధమాడదయ్యా," అన్నారాయన.

"అది ఉచిత సాఫ్ట్‌వేర్ వేసిన ముద్ర సార్. అయినా కరెంటుకు ఇంగ్లీషు..."

"రాదు. మాకొచ్చు."

గోడ గడియారం పదీ పావు చూపిస్తోంది. పరుగెత్తితే జావా బ్యాచ్ అందుతుంది. కాళ్లు గుమ్మం వైపు తిరిగాయి, తల తిరగలేదు. గట్టిదని ముందే మనవి చేశాను.

"సార్, పదిన్నరకి నా జావా బ్యాచ్ ఉంది, పోతే పోనీ. ఒక్క బ్లేడు ఇప్పించండి."

"చేతులు కోసుకోవుగా?"

"అక్షరాలు కోస్తాను సార్."

కిటికీ వెలుగులో బోర్డు పెట్టి చూస్తే యాదగిరి చెప్పిందే నిజం. నీళ్లలోకి దిగాల్సిన రెండు తీగల గీతలకూ మధ్య, వంతెన కట్టినట్టు, "నాట్" అడ్డంగా పడుకుంది. కరెంటుకు చదువు రాకపోయినా నడక వచ్చు కదా, వంతెన ఎక్కేసింది. నీళ్లు తగిలాయనుకుని బోర్డు గోల పెట్టింది. తక్కిన మాటలన్నీ ఖాళీ జాగాలో, ఎవరి జోలికీ పోకుండా ఉన్నాయి. గీశాను. గీకాను. చెమట తుడుచుకుని మళ్లీ గీకాను. ఆ నాటు నాట్ పూర్తిగా వదిలేసరికి పన్నెండయింది.

బ్యాటరీ తగిలించాను. నిశ్శబ్దం. తీగలు మగ్గులో ముంచాను. కుయ్యి! పైకి తీశాను. నిశ్శబ్దం.

మూర్తిగారు బోర్డు పట్టుకుని మళ్లీ అద్దం దగ్గరికి వెళ్లారు.

"జావా బ్యాచ్ ఎన్నింటికన్నావ్?"

"పదిన్నరకి సార్. పోయింది."

"అయితే ఇక నాకు తప్పదు." అద్దంలోకి చూస్తూ ఈసారి నెమ్మదిగా చదివారు. "ఫర్ ప్రొఫెషనల్ యూజ్. రేపు తొమ్మిదింటికి వచ్చెయ్. ఆ బ్లేడు కూడా తెచ్చుకో."

పాఠకులారా, ఆనాటి బ్లేడు మీద చెయ్యివేసి మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఉచితమైనా కాకపోయినా, ఏ సాఫ్ట్‌వేర్ నిబంధనలనైనా మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదవకుండా "అంగీకరిస్తున్నాను" అని ఇక జన్మలో నొక్కను.

ఈ ప్రమాణానికి కూడా ఏవో నిబంధనలున్నాయట. చదవలేదు గానీ, అంగీకరిస్తున్నాను.