డ్రమ్ము మీద పేరు

పరాయి రాష్ట్రంలో, మాంగో అనే పేటకు వెళ్ళే ఆటోలో నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని పక్కనాయన మాట కలిపాడు. అలా కలిసే వాళ్ళను నేను తొందరగా నమ్మను. ఆయన కాళ్ళ దగ్గర పాత డ్రమ్ము ఉంది. దాని మీద సినిమాలకు వాయించే పేరున్న డ్రమ్మరు పేరు నిగనిగలాడుతోంది.

"ఆయన వాయించిందే బాబూ. అమ్మడానికి తీసుకెల్తన్నాను, ఆ పేరుకే మంచి రేటు," అన్నాడు, నేనడక్కుండానే.

వంతెన మీద కుదుపుకి నా కాలు డ్రమ్ముకు తగిలింది. అలవాటుగా ముట్టుకుని కళ్ళకద్దుకోబోయాను. వేలికి పచ్చి పెయింటు అంటింది. చెరిగినచోట కింద ఇంకో పేరు కనిపించింది.

"ఇదెవరిది?"

"మా అయ్యది. పెళ్ళి బ్యాండులో వాయించీవోడు. ఆ పేరుకి తుక్కు ధరే ఇత్తన్నారు."

ఆయన ఆ పేరును తాకి కళ్ళకద్దుకున్నాడు. తర్వాత తడి పెయింటును బొటనవేలితో లాగి, అయ్య పేరును మళ్ళీ కప్పేశాడు.