మారు వడ్డన లేని భోజనం

కాకినాడ నుంచి తాటిపాకకు నేరుగా బస్సు కోసం చూస్తూ కూర్చుంటే పొద్దుపోతుంది. అమలాపురంలో మారడమే మంచిది. నేను బుధవారం ఉదయం ఏడున్నరకు బయలుదేరాను. ఎందుకు బయలుదేరానో కూడా దాచకుండా చెబుతాను. మా తోడికోడలు సత్యవతి అక్కయ్య చేసే తప్పు ఒక్కటైనా కళ్ళారా చూసి రావాలని.

ఆవిడ మా బావగారి భార్య. ముప్పయ్యేళ్ళుగా మా అత్తవారి వైపు ఏ శుభకార్యం జరిగినా "వడ్డనంటే సత్యవతిదే" అన్న మాట వింటున్నాను. విస్తరి ముందు కూర్చున్నవాళ్ళు చేతులు అడ్డం పెట్టినా వినదు. రెండోసారి, మూడోసారి వేసి, బతిమాలి తినిపిస్తుంది. మా ఆయన నేను వండిన కూర తింటూ వదిన చేతి కూర గురించి చెబుతారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. పోయిన వారం మళ్ళీ అదే పాట అందుకుంటే, ఆ గొప్పేమిటో నేనే వెళ్ళి చూసొస్తానన్నాను.

ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆడవాళ్ళు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు కొట్టి ఇస్తారు. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే, యానాం దాటాక వంతెన మీద గోదావరి బాగా కనబడుతుంది. మురమళ్ళలో ఐ.పోలవరం వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు ఎక్కి నా పక్కన కూర్చున్నారు. ఆయన చేపల వేటకు వెళ్ళే మనిషి. ఆవిడ ఒళ్ళో ఆస్పత్రి కాగితాల సంచి ఉంది.

"ఈయనకి గుండెపోటొచ్చి ఆర్నెల్లయ్యిందండి," అంది ఆవిడ. "ఆ రోజు దవడ లాగేత్తందన్నారండి. పన్ను పోటనుకుని లవంగం పెట్టేనండి. గుండెల్లో నొప్పన్నదే లేదండి."

"చెమటలు పట్టేసేయండి. చేతిలో వల లేపలేకపోయేనండి, ఆయ్," అన్నాడు ఆయన.

అయ్యో అన్నాను గానీ, నా ధ్యాసంతా అక్కయ్య వంట మీదే ఉంది.

తొమ్మిదీ ముప్పావుకు అమలాపురం. బస్టాండు ఎదుట ఇడ్లీ తిన్నాను, నలభై రూపాయలు. పదీ ఇరవైకి రాజోలు బస్సు బోడసకుర్రు వంతెన మీదుగా వెళ్ళి పదకొండుంబావుకు తాటిపాకలో దింపింది. అక్కణ్ణించి కొబ్బరితోటలోని ఇంటికి ఆటో ముప్పయి. ముంగిట్లో ఎండుటాకు ఒక్కటి లేదు. అదీ నాకు నచ్చలేదు.

"వచ్చేవా కుమారీ, ఎండన పడి వచ్చేవమ్మా," అంటూ అక్కయ్య ఎదురొచ్చింది. అరవై దాటినా చీర కుచ్చిళ్ళు చెదరవు.

ఒంటిగంటకు బావగారికీ నాకూ విస్తళ్ళు వేసింది. చింతచిగురు రొయ్యలు, కందా బచ్చలి, కొబ్బరి పచ్చడి. ఒకసారి వడ్డించి గోడవారగా పీట మీద కూర్చుంది. నా రొయ్యలు అయిపోయాయి. అక్కయ్య లేవలేదు. కాసేపు ఖాళీ విస్తట్లో వేళ్ళు కదిపాను. అయినా లేవలేదు.

లోలోపల ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ముప్పయ్యేళ్ళకు దొరికింది! ఇంటికెళ్ళి మా ఆయనతో ఎలా చెప్పాలో మాటలు కూడా కూర్చుకున్నాను. ఇంకేమైనా తప్పు దొరుకుతుందేమోనని ఆవిడ వైపే తేరిపార చూశాను.

నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది. అయినా ఆవిడ మెడ మీద చెమట ధారకడుతోంది. గరిటె ఒళ్ళో పడి ఉంది. ఎడంచేత్తో దవడ నొక్కుకుంటోంది.

"అక్కయ్యా, ఏమైంది?"

"ఏం లేదమ్మా. పొద్దున్నుంచీ వీపు పట్టేసింది. కాస్త వాంతొచ్చేలా ఉంది. రొయ్యల గిన్నె బరువనిపించింది, అంతే. నువ్వు తిను."

"గ్యాసమ్మా. సోడా తాగితే సర్దుకుంటాది," అన్నారు బావగారు.

నాకు బస్సులోని మనిషి గుర్తొచ్చాడు. చేతిలో వల లేపలేకపోయేనన్నాడు. ఈవిడ గిన్నె ఎత్తలేకపోతోంది.

"బావగారండీ, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్దామండీ. గుండేమోనని భయంగా ఉంది."

"నాకు గుండెల్లో నొప్పి లేదు కదమ్మా," అంది అక్కయ్య. "ఇంటికొచ్చిన మనిషి విస్తరి ముందుంటే నేనెలా లెగుత్తాను? నువ్వు తిన్నాక చూద్దాం."

నేను తింటున్నంతసేపూ ఆవిడ కదలదు. సగం అన్నం ఉండగానే విస్తరి మడిచేసి లేచిపోయాను. ఆ ఇంట్లో అలా లేచినవాళ్ళు ఎవరూ లేరు. అక్కయ్య మొహం చిన్నబోయింది. బావగారు గుడ్లురిమారు. చేయి కడిగి 108కి ఫోన్ చేశాను.

దగ్గరి ఆస్పత్రిలో ఈసీజీ తీసి, మాత్రలు నమిలించి, అమలాపురం పంపారు. ఐదు గంటలకల్లా స్టెంటు వేశారు. ఆడవాళ్ళకూ, షుగరున్నవాళ్ళకూ కొన్నిసార్లు గుండెల్లో నొప్పి లేకుండానే గుండెపోటు వస్తుందనీ, ఇంకాస్త ఆలస్యమైతే తాను చేయగలిగింది ఉండేది కాదనీ డాక్టరు చెప్పారు. అక్కయ్యకు పదేళ్ళుగా షుగరుంది. బావగారు వరండాలో బెంచీ మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

శనివారం చెప్పి వద్దామని వెళితే, నర్సులిద్దరు ఆవిడ మంచం చుట్టూ చేరి కబుర్లాడుతున్నారు. మూడు రోజుల్లో వాళ్ళనీ బుట్టలో వేసుకుంది! నాకు మళ్ళీ కుళ్ళు పుట్టింది. అక్కయ్య నా చేయి పట్టుకుంది.

"ఆ రోజు నీకు మారు వడ్డించలేదే. సగం విస్తట్లో లేపేసేను. ఏమనుకోకమ్మా."

తల దించుకుని బయటికొచ్చాను.

పదకొండింటి బస్సు దొరికింది. కోనసీమ వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. అక్కడి ఇల్లాలు రెండోసారి వడ్డించకపోతే చిన్నబుచ్చుకోకండి. ఒంట్లో ఎలా ఉందని అడగండి. చెమట, దవడ లాగడం, వీపు పట్టేయడం, వాంతొచ్చేలా ఉండడం, ఉన్నట్టుండి నీరసం ఉన్నాయంటే, సోడా కోసం పరుగెత్తకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

ముమ్మిడివరం దాటాక మా ఆయన ఫోన్ చేశారు. "వదిన్ని నువ్వే బతికించేవంట! పక్కనే ఉన్న అన్నయ్యకే తెలీలేదు. నువ్వెలా కనిపెట్టేవే?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"ఎప్పుడు తప్పు చేస్తుందా అని ఆవిణ్ణే చూస్తూ కూర్చున్నానండి," అన్నాను.