రెండోసారి నొక్కిన కంట్రోల్-డి

ఈ మధ్య నా వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి, నిజం చెప్పాలంటే నేనే అలసిపోయాను. పొద్దున మా కోడలి పత్తి విత్తనాల దుకాణంలో రకాల జాబితా టైపు చేసి, ముగించడానికి కంట్రోల్, డి కలిపి నొక్కాను. తగిలిందో లేదో తెలియక మళ్ళీ నొక్కాను. ఆ రెండో నొక్కుకి షెల్, అంటే నల్లతెర మీద ఆజ్ఞలు టైపు చేసే మా పాతకాలపు ఏర్పాటు, మూసుకుపోవాలి. మూసుకోలేదు. బయటికి వెళ్ళాలంటే ఎగ్జిట్ అని టైపు చేయమని ఇంగ్లీషులో ఒక వాక్యం కనిపించింది.

గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజిలో నాకు మొదటి ఉద్యోగం ఇప్పించింది మా బాబాయి. యార్డులో ఏళ్ళ తరబడి మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, మోసి, ఆ ఘాటుకి ఊపిరితిత్తులు చెడి, ఇక దుమ్ములోకి వెళ్ళొద్దని డాక్టరు గట్టిగా చెప్పాక, మేనేజరుగారిని బతిమాలుకుని కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి. ఏ టిక్కీ ఏ గదిలో ఉందో జాబితా టైపు చేయడం ఆయన పని. అయినా రైతు సంచి విప్పితే కాయ తుంచి చూడకుండా ఉండలేడు, ఆ మంటకి వేళ్ళకి కొబ్బరినూనె గుడ్డ చుట్టుకొచ్చి కూర్చునేవాడు. గుడ్డలోంచి మీట తగిలిందో లేదో తెలియక రెండుసార్లు నొక్కేవాడు: మొదటిదానికి జాబితా ముగిసేది, రెండోదానికి షెల్‌లోంచి ఆయనే బయట పడేవాడు. మళ్ళీ లోపలికి వెళ్ళాలంటే పాస్‌వర్డ్ మేనేజరుగారి దగ్గరే ఉండేది. ఒకే వారంలో మూడోసారి పాస్‌వర్డ్ కోసం వెళ్ళేసరికి, ఇంకోసారి జరిగితే యార్డుకి పంపేస్తానన్నారాయన. ఆ మధ్యాహ్నం బాబాయి క్యారేజీ విప్పలేదు.

“మళ్ళీ ఆ దుమ్ములోకి పోతే నేను బతకనమ్మాయ్,” అన్నాడు, అంతే.

ఎవరూ తెరవని మాన్యువల్‌ని రెండు రోజులు భోజనం మానేసి తిరగేస్తే, ఆ రెండో నొక్కుని పట్టించుకోవద్దని షెల్‌కి చెప్పే ఒక్క లైను దొరికింది. ఆయన లాగిన్ అయినప్పుడల్లా కంప్యూటరు చదివే ఫైల్లో పెట్టేశాను. చిన్నబుచ్చుకుంటాడని అసలు సంగతి చెప్పలేదు. ఇంటికెళ్ళేటప్పుడు ఎగ్జిట్ అని కొట్టాలట, కొత్త రూలు అన్నాను. కాసేపు నా మొహంలోకి చూసి సరేనన్నాడు. రిటైరయ్యేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు, రోజూ సాయంత్రం ఒక్క వేలితో ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాలూ కొట్టి నా వైపు చూసేవాడు. నమ్మాడనే అనుకున్నాను.

ఈ కంప్యూటర్లో ఆ లైను నేను పెట్టలేదు. కోడల్ని అడగలేదు కూడా. ఒకప్పుడు ఇంకొకరి చేతుల్ని కనిపెట్టుకుని ఉన్నదాన్ని, ఇప్పుడు నా చేతుల్ని ఇంకొకరు కనిపెట్టుకుని ఉన్నారు, మారిందల్లా అదే కాబోలు. సాయంత్రం లేచేముందు ఒక్క వేలితో ఆ నాలుగక్షరాలూ కొట్టి తలెత్తాను. విత్తనాల ప్యాకెట్లు సర్దుతున్న కోడలు నన్నే చూస్తోంది, చటుక్కున తల దించుకుంది. బాబాయికి అంతా తెలుసని ఇన్నేళ్ళకి అర్థమైంది.