సముద్రం దాటిన బెల్లం దిమ్మ

నలభై పగళ్ళు, నలభై రాత్రులు ప్రయాణం చేసి, ఒక్క కన్నీటి చుక్క రాల్చకుండా ఆఫ్రికా ఖండంలో కాలుపెట్టిన మొట్టమొదటి అనకాపల్లి వాణ్ణి నేను.

ఈ మాట మా చర్చిలో కనీసం వందసార్లు చెప్పుంటాను. చెప్పిన ప్రతిసారీ రోజులు పెరిగేయి గాని తగ్గలేదు. నలభై దగ్గరికి వచ్చేక, బైబిల్లో ఉన్న అంకె కదా, బాగుందని అక్కడ ఆపేను.

అరవైల్లో సంగతి. కెన్యా దేశంలో చెరకు తోటల్లో పనిచేసేవాళ్ళ మధ్య వాక్యం చెప్పడానికి, వాళ్ళ పిల్లలకి చదువు చెప్పడానికి ఒక మనిషి కావాలని మా సంఘానికి కబురొచ్చింది. చెరకు పండే ఊరి వాడైతే మేలని పెద్దలు నన్ను ఎంచేరు. అప్పటికి నేను టీచరు ట్రైనింగు ముగించి, ఆదివారాలు సైకిలు మీద రావికమతం వైపు పల్లెలు తిరిగి సువార్త చెప్పేవాణ్ణి. మూడేళ్ళు అక్కడుండాలి. ఒక్కణ్ణే వెళ్ళాలి. నాకు పెళ్ళయి ఏడు నెలలు. ఆవిడ మా మామ కూతురే. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ నన్ను 'బావా' అనే పిలుస్తుంది, ఇప్పటికీ. ఆవిణ్ణి వదిలి వెళ్ళగలనా, వెళ్ళినా అక్కడ నిలవగలనా? ఆ రోజుల్లో నేను చేసిన ప్రార్థనల్లో సగం ఇదే.

మామ బెల్లం మార్కెట్లో దిమ్మ మీద గోరుతో గీకి రకం చెప్పే మనిషి. స్టేషనుకి ఓ చిన్న దిమ్మ, నా తలకాయంతది, తాటాకు చుట్టి పట్టుకొచ్చేడు.

"ఇదేటి మామా?"

"బెల్లం. ఆ దేశపోళ్ళు ఎప్పుడు సూసుంటారు? అనకాపల్లి నుంచి ఎల్లినోడివి, సేతులూపుకుంటూ దిగుతావేటి?" అని నా రేకు పెట్టె తీసి, బట్టల మధ్య తనే కూరేడు.

రైలు కదిలింది. మా ఆవిడ కిటికీ ఊచ పట్టుకుని ఏడుస్తూ రైలుతో పాటు పరిగెత్తింది. నేను ఒక్కొక్క వేలూ మెల్లిగా విడదీసి, "ఇది దేవుడి పని, నన్ను ఆపకు" అని మొహం తిప్పుకున్నాను. ఈ ఘట్టం చెప్పినప్పుడు చర్చిలో ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకునేవారు.

ఇక కన్నీటి చుక్క సంగతి. ఎలమంచిలి రాకుండానే ఏడ్చేను. ఎదురు బల్ల మీద పెద్దాయన, "ఎవరు పోయేరు నాయనా?" అని అడిగి, తన మరచెంబులో నీళ్ళిచ్చేడు. ఎవరూ పోలేదని చెప్పలేక, తల ఊపేను.

బెజవాడలో రైలు మారేను. బొంబాయిలో ఓడ కోసం నాలుగు రోజులు ఒక చర్చి వరండాలో పెట్టె మీదే కూర్చున్నాను. ఆ తరవాత పదకొండు రోజులు సముద్రం. ఓడ పైన నిలబడి నానా జాతుల వాళ్ళకీ వాక్యం చెప్పేనని అంటూంటాను. నేను పైకి వచ్చిందే రెండుసార్లు. మిగతా కాలమంతా అడుగు అంతస్తులో బకెట్టు పట్టుకు పడుకున్నాను. నాకొచ్చిన వాక్యమంతా ఆ బకెట్టుకే చెప్పేను.

ఏడో రోజో ఎనిమిదో రోజో, పెట్టె కిందనుంచి ఏదో కారుతోందని పక్కవాడు లేపేడు. మూత తీసేను. దిమ్మ సగానికి సగం నీరైపోయింది. వానాకాలం బెల్లాన్ని గాలికి వదలకూడదని మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. మామకి తెలుసు, నాకు తెలుసు. సముద్రం మీద ఏడాది పొడుగునా వానాకాలం గాలేనని మాత్రం ఇద్దరికీ తట్టలేదు! తెల్లచొక్కాలు కాఫీ రంగుకి తిరిగేయి. బైబిల్లో ఆదికాండం నుంచి రూతు దాకా ఒకే అట్టలా అతుక్కుపోయింది. మా ఆవిడ పువ్వులు కుట్టి పెట్టిన దిండు గలీబు పాకంలో ముంచి తీసినట్టుంది. దాన్ని ఉతకలేదు. మొహం మీద కప్పుకుని పడుకున్నాను.

మొంబాసాలో దిగేను. అదే ఓడ రెండు రోజుల్లో తిరిగి బొంబాయి వెళ్తుందని అన్నారు. రేవులో పెట్టె మీద కూర్చుని దానివైపే చూసేను. ఆరోగ్యం బాగులేదని చెప్తే పెద్దలు కాదనరు. నన్ను చూసిన ఎవడూ అది అబద్ధమనడు. మూడు వారాల్లో ఆవిడ ముందుంటాను.

అప్పుడొచ్చేడు తోటలోని సంఘపెద్ద, నన్ను తీసుకెళ్ళడానికి. నాకంటే జానెడు పొడుగు, నల్లగా నిగనిగలాడే మనిషి. కొద్దిగా ఇంగ్లీషు వచ్చు. నన్నేమీ అడక్కుండా పెట్టె ఎత్తి నెత్తి మీద పెట్టుకున్నాడు. పాకం ధార ఆయన చెంప మీంచి పెదవి దాకా జారింది. నాలికతో చూసి, పెద్దగా నవ్వేడు.

"ఇది మా దగ్గర కూడా ఉంది," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. అనకాపల్లి బెల్లం మీ దగ్గరెలా ఉంటుందయ్యా? నేను ఓడ వదిలి ఆయన వెనక నడిచింది సగం దేవుడి పిలుపుకైతే, సగం ఆ మాట అబద్ధమని తేల్చడానికే.

మళ్ళీ రైలు, ఆపైన లారీ. అన్నీ కలిపి చూస్తే ఇరవై ఒక్క రోజులు, నలభై కాదు. చివరిరోజు సాయంత్రం లారీ ఒక మలుపు తిరిగింది. వాసన తగిలింది. పచ్చి చెరకు రసం మరిగి, నురగ పొంగి, బెల్లమయ్యే ముందు వచ్చే వాసన. బుచ్చయ్యపేట దారిలో ఆ వాసనకే సైకిలు ఆపేవాణ్ణి. లారీ వెనక్కి తిరిగి నన్ను మా ఊళ్ళో దింపేస్తోందా అనిపించింది. పాక కింద పెద్ద పెనం, దాని చుట్టూ మనుషులు, పొయ్యిలో చెరకు పిప్పి మంట. అన్నీ ఉన్నాయి. ఆవిడ ఒక్కతే లేదు.

ఒక ముసలామె చెరకు ముక్కని వేడి పాకంలో ముంచి నా చేతిలో పెట్టింది, అచ్చం మా దగ్గర పెట్టినట్టే. నోట్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చేను. దేవుడి ఆత్మ దిగిందనుకుని వాళ్ళు పాట ఎత్తుకున్నారు. మొదటి రోజే సభంతా కదిలిపోయిందని నేను ఉత్తరంలో రాసింది ఇదే.

మూడేళ్ళూ ఉన్నాను. వాక్యం చెప్పేను, పిల్లలకి అక్షరాలు చెప్పేను. కాని ప్రతి సాయంత్రం ముందు ఆ పొయ్యి దగ్గరికే వెళ్ళేవాణ్ణి. అక్కడ కళ్ళు మూసుకుంటే ప్రార్థన అనుకునేవారు.

ఇదంతా నిన్న మా ఆవిడకి చదివి వినిపించేను. చిక్కుళ్ళు ఒలుస్తూ విన్నాది.

"ఇప్పుడన్నీ నిజాలే కదా?" అన్నాను.

"టేసన్ దగ్గిరది కాదు," అంది. "నానెక్కడ ఊస అట్టుకున్నాను బావా? నువ్వు రేకు పెట్టె దింపేసి, ఎల్లనంటే ఎల్లనని దాని మీద కూకున్నావు. సంగపోళ్ళందరూ సూత్తన్నారు. నీ రెక్కట్టుకుని రైల్లోకి తోసింది నాను. తోసేసి ఎనక్కి తిరక్కుండా ఇంటికెల్లిపోయేను."

"ఒక్కసారి తిరిగి చూస్తే ఏం పోయిందే?"

"సూత్తే దింపేసుందును," అంది, చిక్కుళ్ళ పళ్ళెం ఎత్తుకుని లోపలికి పోతూ.