అమ్మ అడిగిన శనగలు

ఇయ్యాల పొద్దుగాల అమ్మ కాలి పుండుకు కట్టు మార్పియ్యనీకి మా ఊరు సాస్తి నుంచి మహారాష్ట్రల ఉన్న చంద్రపూర్ దవాఖానకు తీస్కపోయిన. అమ్మకు షుగరుంది. వార్డులు కొత్త బిల్డింగుకు మారుస్తున్నరని క్యాంటీన్ బంద్ పెట్టిండ్రు. ఆకలైతే వరండల ఉన్న మెషీనే దిక్కు. పైసలేస్తే ప్యాకెట్ కింద పడుతది. అండ్ల అన్నీ చిప్సు, క్రీమ్ బిస్కెట్లే.

పోయిన వారం అండ్ల సామాన్లు నింపెటాయన్ని అమ్మ ఆపి, "షుగరోళ్లు తినేటిది ఒక్కటన్న పెట్టరాదు బిడ్డా? వేంచిన శనగలన్న పెట్టు," అన్నది. ఆయన తలూపి పోయిండు. నేనైతే ఆ సంగతే మర్చిపోయిన.

ఇయ్యాల ఆయనే ఎదురొచ్చిండు. మరాఠాయన, అమ్మను చిన్నమ్మ లెక్క పిలుసుకుంట వచ్చీరాని తెలుగుల, "మావశీ, మీ శనగలు వచ్చినయ్. సేటుతోని కొట్లాడి తెచ్చిన," అన్నడు. చూస్తే నడిమి వరుస మొత్తం శనగ ప్యాకెట్లే.

అమ్మ సంబురంగ ఒకటి తీసుకున్నది. ఎట్లున్నయో చెప్తదని ఆయన అక్కడ్నే నిలబడ్డడు. అమ్మకు నమిలే పండ్లు ఒక్కటీ లేవు. అయినా నాలుగు గింజలు నోట్లేసుకొని, "మస్తున్నయ్ బిడ్డా, సల్లగుండు," అన్నది.

ఆయన పోయినంక అడిగిన, "నమలరాకపోతే ఎందుకడిగినవే అమ్మా?"

"లైన్ల కూసున్నోళ్లకు పండ్లున్నయ్ గద," అనుకుంట ప్యాకెట్ పక్కామె చేతుల పెట్టింది.

ఇంటికొచ్చేదాక ఆ నాలుగు గింజలు అమ్మ బుగ్గల్నే ఉన్నయ్. మీ దిక్కు దవాఖాన మెషీన్ల ఏముంటయ్? ఎన్నడన్న అడిగి చూసిండ్రా?