ఒక పొయ్యికి ఒక్క బోనం

అమీర్‌పేట సందులోని పాత పెంకుటిల్లు బిల్డరుకు ఇచ్చాక మాకు మూడో అంతస్తులో ఎదురెదురుగా రెండు ఫ్లాట్లు వచ్చాయి. ఒకదాంట్లో బావగారు, తోటికోడలు. రెండోదాంట్లో నేను, మా ఆయన, అత్తమామలు. వంట మాత్రం అందరికీ తోటికోడలి వైపే. తలుపులు రెండైనా పొయ్యి ఒక్కటేనని అత్తమ్మ తీర్పు. నా వంటింట్లో కొత్త పొయ్యి ఒక్కసారైనా వెలగలేదు.

నాకది సుఖంగా ఉండేదని అబద్ధమాడను. పంజాగుట్ట ఆఫీసుకు బయలుదేరే ముందు రోజూ ఎదురు తలుపు కొట్టి డబ్బా కట్టుకోవాలి. కూరలో ఉప్పు చాలలేదని నేననకూడదు, పొద్దున్నే లేవవేమని ఆమె అనకూడదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. మా ఒర పెద్దదే, కత్తులకే పదునెక్కువ.

ఆ ఆషాఢంలో బోనాల ఆదివారం వచ్చింది. మా ఇంట్లో ఒక పొయ్యికి ఒక్క బోనం. ఏటా ఆ అన్నం కుండ అత్తమ్మ నెత్తిమీదే పోచమ్మ గుడికి వెళ్తుంది. వేరే బోనం ఎత్తితే వేరు పడ్డట్టే. వాడకట్టంతా చూస్తుంది, ఇక వెనక్కి తీసుకోలేం.

ఎదురు ఫ్లాట్ వంటింట్లో అత్తమ్మ ఇత్తడి కుండకు పసుపు రాస్తోంది. తోటికోడలు కొత్త మట్టికుండ తెచ్చి ఆమె ముందు పెట్టింది. దానికి వేపమండలు కూడా కట్టేసి ఉన్నాయి.

"గీ పొయ్యి మాది అత్తమ్మా. గీసారి మా బోనం నేనే ఎత్తుకుంట."

ఆమె చూపు దించలేదు. మామయ్య చెప్పులేసుకుని కిందికి దిగిపోయాడు. ఆ విద్య మగవాళ్లకు బాగా వచ్చు. సందులో డప్పులు మొదలయ్యాయి.

అత్తమ్మ నా వైపు తిరిగింది. "నువ్వేమంటవ్ బిడ్డా? నువ్వు సుత వేరే ఎత్తుకుంటవా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వద్దంటే నా వంటిల్లు కూడా అత్తమ్మదే అవుతుంది. అవునంటే ఇల్లు విడగొట్టిన పాపంలో సగం నాది. నాకు భయం వేసింది. ఆ భయంలోనూ నా పొయ్యి నాకు కావాలనిపించింది.

"ఎత్తుకుంట అత్తమ్మా."

ఆమె పసుపు రాసిన కుండ నా చేతుల్లో పెట్టింది. "అయితే నడువు, పొయ్యి ముట్టియ్యి. జర జల్ది" అంది.

నా పొయ్యి తొలిసారి వెలిగింది ఆ బోనం అన్నానికే. వండింది నేను. కుండ అత్తమ్మది. తనే నా నెత్తిన చుట్టకుదురు పెట్టి, బోనం ఎత్తి, పైన దీపం వెలిగించింది. "మెడ కదలనియ్యకు" అంది, అంతే.

తోటికోడలు ముందు నడిచింది. నేను వెనక. మా ఇద్దరి మధ్య అత్తమ్మ ఉత్త చేతులతో నడుస్తోంది. సందు మలుపులో గుంత దాటుతుంటే ఆమె చేయి చటుక్కున నెత్తిమీదికి లేచింది, కుండ పట్టుకోవడానికి. అక్కడేమీ లేదు. కొంగు సర్దుకున్నట్టు చేసి చేయి దించేసుకుంది.

ఆమె భుజం మీద చెయ్యి వేయాలనిపించింది. నా రెండు చేతులూ కుండ మీదే ఉన్నాయి.